రెండు గదుల ఇంట్లో ఆరు ప్రాణాలు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరంలోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆమెకు 36 ఏళ్లు. ఇంట్లో భర్త, తొమ్మిదేళ్ల బాబు, డెబ్బై దాటిన అత్తగారు. నాలుగో అంతస్తులో రెండు పడకగదుల అద్దె ఫ్లాట్. పెళ్లయిన కొత్తలో వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్క బుజ్జమ్మకు ఇప్పుడు పదకొండేళ్లు. 2020 లాక్‌డౌన్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా రెండు పిల్లులు వచ్చి చేరాయి. ఆడది మల్లి, మగది గుండు. రెండిటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

మొన్న దీపావళికి వారం ముందు సెల్లార్‌లో పాత స్కూటర్ కింద ఒక పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. పండగ రాత్రి టపాసుల మోతకు పారిపోయిన తల్లి మళ్లీ రాలేదు. "రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని ఇంకుఫిల్లర్‌తో పాలు పట్టాను. ఒక్కటి కూడా పోలేదు. ఉద్యోగం మానేశాక నేను పనికొచ్చే పని చేస్తున్నానని మొదటిసారి అనిపించింది" అని రాశారు. ఇప్పుడు వాటికి మూడు నెలలు. నల్లది బొగ్గు, మచ్చలది చుక్క, రెండూ ఆడవి. మూడోది మగది, ఇన్ఫెక్షన్‌తో ఒక కన్ను పోయింది. దానికి శుక్రుడని అత్తగారే పేరు పెట్టారట, శుక్రాచార్యుడి కథ చెప్పి మరీ.

ఇక కష్టాలు. అత్తగారి పరుపు మీద రెండుసార్లు, సోఫా మీద ఒకసారి ఎవరో మూత్రం పోశారు. "గుండే అనుకుంటున్నాను, చూడలేదు" అన్నారు. అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. ఖర్చు నెలకు తొమ్మిది వేలు దాటుతోంది. ఆరింటినీ అప్పజెప్పే మనిషి దొరక్క సంక్రాంతికి భర్త ఊరికి వెళ్లలేదు. ఆయన కోప్పడలేదు, "ఇంక నీ ఇష్టం" అని ఊరుకున్నారు. ఏప్రిల్‌లో అగ్రిమెంట్ అయిపోతోంది. ఒక్క కుక్క అని చెప్పి ఇంటినిండా జంతువుల్ని పెట్టారని ఓనర్ ఫోన్ చేశారు. ఆడపడుచు మాత్రం "కూరగాయల మార్కెట్ దగ్గర వదిలెయ్, వాటి తిండి అవే చూసుకుంటాయి" అంటున్నారు. కూనల కోసం రెండు కుటుంబాలు వచ్చి అడిగితే ఈమెకు మనసొప్పక పంపేశారు.

చివర ఇలా అడిగారు: "ఇంత ఇంట్లో ఎన్ని ఉంచుకోవచ్చు? నాకొక సంఖ్య చెప్పండి. చేతులారా పాలు పట్టి పెంచిన వాటిని ఇచ్చేస్తే అది ద్రోహం కాదా?"

అమ్మా,

సంఖ్య సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు గుండును చూడండి, ఈ ఉత్తరం చదువుతున్న ఈ పూటే. మగపిల్లి ఉన్నట్టుండి మలమూత్రాల కోసం పెట్టిన ఇసుక ట్రే వదిలేసి పరుపుల మీద మూత్రం పోస్తోందంటే అది అల్లరి కాకపోవచ్చు. మూత్రాశయంలో మంట ఉన్నప్పుడు పిల్లులు మెత్తని చోటు వెతుక్కుంటాయి. మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి కూర్చుంటున్నాడా, అరుస్తున్నాడా, చుక్కలు చుక్కలుగా వస్తోందా, కింద అదేపనిగా నాక్కుంటున్నాడా చూడండి. అసలేమీ రావడం లేదంటే మూత్రనాళం మూసుకుపోయిందేమో. మగపిల్లుల్లో అది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. రేపటిదాకా ఆగకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన విషయం. అవేవీ లేకపోయినా ఈ వారంలో మూత్ర పరీక్ష చేయించండి. ఇంట్లో పిల్లులు ఎక్కువై, దాక్కునే చోటు తక్కువైతే ఆ ఒత్తిడికి కూడా మూత్రాశయం వాస్తుంది. ముగ్గురు కొత్తవాళ్లు వచ్చిన మూడు నెలల్లో ఇది మొదలైందంటే నాకు అనుమానం అటే పోతోంది.

అసలు అది గుండేనా? "అనుకుంటున్నాను, చూడలేదు" అన్న మీ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు. నాకూ ఒకప్పుడు ఇంట్లో ఐదు పిల్లులుండేవి. పొద్దున ఐదు గిన్నెలు పెట్టేదాన్ని, సాయంత్రానికి ఐదూ ఖాళీ. అన్నీ తింటున్నాయనే అనుకున్నాను. వాటిలో పెద్దది తినడం మానేసి మూడు రోజులైందని, దాని వాటా పక్కది తినేస్తోందని దాన్ని ఎత్తుకున్నప్పుడు కానీ తెలియలేదు. పిల్లి కొన్ని రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టి దెబ్బతింటుంది. నేను తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. దాన్ని నేను ఎంతో ప్రేమించాను, కానీ కనిపెట్టలేకపోయాను.

అందుకే మీరు సంఖ్య అడిగితే నేను చదరపు అడుగులు లెక్కపెట్టను. ప్రతి రాత్రీ పడుకునే ముందు ఏది తిన్నది, ఏది తినలేదు, ఏది మూత్రం పోసింది, ఏది రోజంతా మంచం కింద నుంచి బయటికి రాలేదు అని ఒక్కొక్కదాని గురించి మీరు చెప్పగలగాలి. అలా ఎన్నింటి గురించి చెప్పగలరో అన్నే మీ ఇంటికి తగినవి. కొందరికి అది ఒకటి, కొందరికి ఆరు. మీకు ఎంతో ఈ వారం రోజులు ఒక పాత నోట్‌బుక్‌లో రాసి చూడండి. ఎవరు పరుపు మీద పోస్తున్నారో తెలియాలంటే రాత్రిపూట గుండును ఒక ట్రే, నీళ్ల గిన్నె, పడుకోను పాత చీర పెట్టి బాత్‌రూమ్‌లో విడిగా ఉంచండి. అప్పుడూ పరుపు తడిస్తే అది గుండు కాదు.

ట్రేల లెక్క కూడా ఉంది. పిల్లులు పెంచేవాళ్లు, డాక్టర్లు చెప్పేది ఎన్ని పిల్లులో అన్ని ట్రేలు, ఇంకొకటి అదనం. వరసగా ఒకేచోట పేర్చకుండా వేరువేరు చోట్ల ఉండాలి. మీకు ఐదు పిల్లులు, ఆరు ట్రేలు కావాలి. మీరు రెండని రాశారు. ఫ్లాట్‌లో ఆరు ఎక్కడ పెడతారో ఒకసారి ఇల్లంతా నడిచి చూడండి: బాల్కనీలో ఒకటి, కామన్ బాత్‌రూమ్‌లో ఒకటి, వాషింగ్ మెషీన్ పక్కన ఒకటి. తర్వాత? అత్తగారి గదిలో పెట్టకూడదు, వంటగదిలో పెట్టలేరు. మూడు పిల్లులకు నాలుగు ట్రేలు ఎలాగో సర్దుకుంటాయి. ఐదింటికి కష్టం.

ఇంకో మాట చెప్పాలి, ఇది కాస్త నొప్పి కలిగించవచ్చు. మీ నాలుగు పేజీల్లో కూనల గురించి రెండు పేజీలు ఉన్నాయి. బుజ్జమ్మ గురించి ఒకటి రెండు వాక్యాలే, వాటిలో ఒకటి: "పాపం, ఈమధ్య బాత్‌రూమ్ తలుపు దగ్గరే పడుకుంటోంది." పదకొండేళ్లు మీతో ఉన్న కుక్క హాల్లో తన చోటు వదిలి తలుపు మూలకు ఎందుకు చేరింది? మూడు కూనలు తోకతో ఆడుకుంటుంటే విసిగి చల్లని చోటుకు పోయిందా? లేక కీళ్ల నొప్పితో నున్నటి టైల్స్ మీద లేవలేక అక్కడ ఉండిపోతోందా? సాయంత్రం వాకింగ్ కూడా ఈమధ్య వాచ్‌మన్ కొడుకు తిప్పుతున్నాడని రాశారు. ముసలి కుక్క అడగదు, అరవదు. కూనలు అరిచి మీ సమయం తీసుకుంటున్నాయి, అది మౌనంగా తన వాటా వదులుకుంటోంది. డాక్టరుకు చూపించి రక్తపరీక్ష, కీళ్ల పరీక్ష చేయించండి. అది నడిచే దారిలో పాత దుప్పట్లో, రబ్బరు చాపలో పరవండి. రేపు మీరు ఏ నిర్ణయం తీసుకున్నా దాని వాటా ముందు పక్కన పెట్టి, మిగిలినది మిగతావాటికి పంచండి.

అత్తగారి ఆయాసం సంగతి ఊహలతో తేల్చకండి. పిల్లి వల్ల వచ్చే ఎలర్జీకి వెంట్రుకలు కారణమనుకుంటారు కానీ, దాని లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రొటీన్ అసలు కారణం. నాక్కున్నప్పుడు ఒంటికి అంటి, ఆరి, గాలిలో కలిసి, పరుపులకూ పరదాలకూ నెలల తరబడి పట్టి ఉంటుంది. అయితే చలికాలం, దోమల చుట్ట, పూజగదిలో అగరుబత్తి పొగ, ట్రేలోని ఇసుక దుమ్ము, ఇవి కూడా ఆయాసాన్ని పెంచేవే. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి ఆమెను తీసుకెళ్లి ఇంట్లో ఏమేం ఉన్నాయో దాచకుండా చెప్పండి. ఈలోపు ఆమె గదిలోకి ఏ పిల్లీ వెళ్లకుండా తలుపు వేసి ఉంచండి, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి, దోమల చుట్టకు బదులు దోమతెర కట్టండి. నెలలో తేడా కనిపిస్తే ఒక దారి, కనిపించకపోతే, డాక్టరు కూడా పిల్లులే కారణమంటే, ఇంకో దారి. రెండో దారి వస్తే మనిషి ఊపిరే ముందు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ మీ ఉత్తరంలో ఆమె మీకు అడ్డుగా ఉన్నట్టు ధ్వనించింది. ఒంటికన్ను కూనకు కథ వెతికి పేరు పెట్టిన మనిషి ఆమె. ఆమెతో కూర్చుని "అత్తయ్యా, మీకు ఎలా ఉంది, ఏం చేద్దామంటారు?" అని అడిగారా? అడిగినట్టు ఎక్కడా రాయలేదు.

మీవారి విషయం కూడా అంతే. "ఇంక నీ ఇష్టం" అనే మాటకు మన ఇళ్లలో ఒప్పుకున్నానని అర్థం కాదు, అడగడం మానేశానని అర్థం. ఏడాదికోసారి వచ్చే సంక్రాంతికి సొంతూరు వెళ్లలేకపోయారు. మీరు ఆ సంగతి ఖర్చుల పక్కన ఒక అంశంగా రాశారు. ఆయనకు అది అంతకన్నా పెద్దదేమో. "ఏవి పంపిద్దాం?" అని మొదలుపెట్టకండి. "వచ్చే సంక్రాంతికి మనం ఊరెళ్లాలి. వెళ్లాలంటే ఇంట్లో ఎన్ని ఉండొచ్చు, ఎవరు చూసుకుంటారు?" అని అడిగి చూడండి. ఒక కుక్కనూ రెండు పిల్లులనూ మూడు రోజులు చూసే పక్కింటివాళ్లు దొరుకుతారు. ఆరింటిని చూసేవాళ్లు దొరకడం కష్టం. బోర్డింగ్‌లో పెట్టాలంటే తలకు ఇంత చొప్పున రోజుల లెక్కన కట్టాలి, పండగప్పుడు ఖాళీలూ ఉండవు.

ఓనర్ మాటకు భయపడి రాత్రికి రాత్రి ఏమీ చేయకండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు జంతువులు వద్దని నిషేధం పెట్టకూడదని 2015లోనే జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ అది అసోసియేషన్ సంగతి. మీకూ ఓనర్‌కూ మధ్య ఉన్నది అగ్రిమెంట్, అది ఏప్రిల్‌లో ముగుస్తుంది, మళ్లీ రాయడం రాయకపోవడం ఆయన చేతిలో పని. ఒకటని చెప్పి ఆరు ఉంచితే ఆయనకు కోపం రావడంలో తప్పు లేదు కూడా. కలిసి మాట్లాడండి. వాసన రాకుండా ఏం చేస్తున్నారో, ఏప్రిల్ నాటికి ఎన్ని ఉంటాయో కాగితం మీద రాసివ్వండి. పరుపూ సోఫా మీవే కానీ తలుపులూ గోడలూ ఆయనవి, పాడైతే బాగుచేయిస్తామని చెప్పండి. బుజ్జమ్మకు మున్సిపాలిటీ లైసెన్సు, రేబిస్ టీకా కార్డు ఉంటే చూపించండి. లేకపోతే ముందు అవి తీసుకోండి, అవి తప్పనిసరి.

మార్కెట్ దగ్గర వదిలేయమన్న సలహా మాత్రం విననే వద్దు. పెంచిన జంతువును దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా, ఇంకుఫిల్లర్‌తో పాలు తాగి పెరిగిన కూనకు కుక్కకు భయపడాలని కూడా తెలియదు. మనిషి అడుగుల చప్పుడు వింటే ఎదురొస్తుంది. ఒక కన్ను లేనిది అసలు బతకదు.

మీకున్న సమయం కూడా లెక్కపెట్టుకోండి. ఆడ కూనలు నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. కడుపు తొమ్మిది వారాలే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అనే తేడా వాటికి లేదు, శుక్రుడూ మగవాడే. ఏప్రిల్ దాటేవరకు ఆపరేషన్లు వాయిదా వేస్తే వానాకాలానికి మీ ఇంట్లో ఆరు కాదు, పదో పన్నెండో ఉంటాయి. కాబట్టి ఇచ్చినా, ఉంచుకున్నా మూడింటికీ ఆపరేషన్ తప్పదు. డాక్టరును అడిగి నాలుగో నెల నిండాక తేదీ తీసుకోండి. మూడు నెలలు నిండాయి కనుక రేబిస్ టీకా ఇప్పుడే వేయించొచ్చు, పిల్లుల మూడు జబ్బులకు కలిపి వేసే టీకా మొదటి డోసు కూడా పడలేదని రాశారు, అది ఇంకా తొందర. ప్రైవేటులో మూడింటికీ భారమనిపిస్తే నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలలో, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో అడగండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఆరింటినీ ఉంచుకోవచ్చు. అది తప్పని నేననను. అప్పుడు ఆరు ట్రేలు, రోజుకు రెండుసార్లు శుభ్రం చేయడం, గోడల మీద ఎక్కి కూర్చునే బల్లలు, గొడవపడితే విడదీయడానికి ఒక తలుపు ఉన్న గది కావాలి. మీ రెండు గదుల్లో ఒకటి అత్తగారిది, ఒకటి మీ ముగ్గురిది. కూనలు పెద్దవయ్యాక తిండి ఖర్చు పెరుగుతుంది, బుజ్జమ్మకు వయసు మీద పడేకొద్దీ మందుల ఖర్చు పెరుగుతుంది. ఒకేసారి రెండిటికి జబ్బు చేసిన నెల ఎలా గడుస్తుందో మీవారితో కలిసి లెక్క వేయండి. ఆ లెక్క కాగితం మీద నిలబడితే ఉంచుకోండి.

ఇల్లు మారడం గురించి ఉత్తరంలో ఒకచోట అన్నారు, శివార్లలో ఇండిపెండెంట్ ఇల్లు అయితే బాగుంటుందని. చోటు దొరుకుతుంది, నిజమే. మీవారి ఆఫీసు దూరం, బాబు స్కూలు, అత్తగారి ఆసుపత్రి దూరం కూడా పెరుగుతాయి. కింది ఇంట్లో పిల్లులు బయట తిరగడం మొదలుపెడితే రోడ్డు, కుక్కలు, ఇరుగుపొరుగు తగాదాలు వేరే. చోటు పెరిగితే చేతులు పెరగవు. ఆరింటినీ కనిపెట్టే మనిషి అక్కడా మీరొక్కరే.

మూడు కూనలనూ ఇచ్చేసి పాత ముగ్గురితో ఉండటం ఇంకో దారి. ఇల్లు తేలిక పడుతుంది, గుండు కుదుటపడే అవకాశం ఎక్కువ, ఓనర్‌తో మాట సులువు. కానీ ఒంటికన్ను పిల్లిని తీసుకునేవాళ్లు త్వరగా దొరకరు. ఎవరో జాలితో తీసుకుని నెల తర్వాత వెనక్కి తెస్తే వాడికి అది ఇంకా కష్టం.

బొగ్గునూ చుక్కనూ జంటగా ఒకే ఇంటికి ఇచ్చి, శుక్రుడిని ఉంచుకోవడం నాలుగోది. పిల్లలు రెండు కలిసి ఉంటే ఒకదానితో ఒకటి ఆడుకుని కొత్త ఇంటికి తొందరగా అలవాటు పడతాయి. మీకు మూడు పిల్లులు, ఒక కుక్క మిగులుతాయి. నాలుగు ట్రేలు పడతాయి, నాలుగింటి గురించీ రాత్రి పడుకునే ముందు మీరు చెప్పగలరనిపిస్తోంది. నా మనసు ఇటే మొగ్గుతోందని దాచను. అయితే ఇది అత్తగారి డాక్టరు చెప్పేదాని మీద, గుండు శుక్రుడిని ఓర్చుకోవడం మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండూ నాకన్నా మీకే ముందు తెలుస్తాయి.

ఇక ద్రోహం మాట. మన ఊళ్లలో పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఒకచోట పట్టనప్పుడు నోట కరుచుకుని మరో చోటికి చేరుస్తుంది. మీరు ఆ తల్లి చేయాల్సిన పనిలో మొదటి సగం చేశారు. వారం కూనల్ని ముగ్గురినీ బతికించడం అందరి వల్లా అయ్యే పని కాదు, నాకు తెలిసిన పెంపకందారుల్లో చాలామంది ఒకటైనా పోగొట్టుకున్నవాళ్లే. సరైన ఇల్లు చూసి చేర్చడం ఆ పనిలో రెండో సగం. ఉద్యోగం మానేశాక పనికొచ్చే పని చేస్తున్నట్టు అనిపించిందన్నారే, ఆ భావన కూనల్ని ఇచ్చేస్తే పోతుందని మీకు లోపల భయం ఉందేమోనని నా అనుమానం. పోదు. తల్లిలేని కూనల్ని కొన్ని వారాలు పెంచి ఇళ్లకు చేర్చే మనుషుల కోసం హైదరాబాద్‌లో జంతువుల కోసం పనిచేసేవాళ్లు వెతుకుతూనే ఉంటారు. 1992 నుంచి ఉన్న బ్లూక్రాస్ లాంటి సంస్థల్ని అడగండి, దత్తత ఇవ్వడంలోనూ సాయం దొరుకుతుంది. అయితే ఆ పని చేయాలంటే ఇవ్వడం నేర్చుకోవాలి. ఇవ్వకపోతే ఇంకో కూనకు చోటుండదు.

మీరు పంపేసిన రెండు కుటుంబాల గురించి ఆలోచించాను. "ఎలుకలు పడుతుందా?" అని అడిగినందుకు ఒకరిని వద్దన్నారు. అది చెడ్డ ప్రశ్న కాదమ్మా, పిల్లిని ఇంట్లో ఉంచుకున్న మన పెద్దలంతా అడిగినదే. ముగ్గురు బ్యాచిలర్లు అని రెండోవాళ్లను వద్దన్నారు. అక్కడ మీ జంకులో కొంత న్యాయముంది, వాళ్లు విడిపోతే పిల్లి ఎవరిదన్నది ముందే తేలాలి. మనుషుల్ని చూసి కాదు, ఇల్లు చూసి నిర్ణయించండి. బాల్కనీకి, కిటికీలకు వల ఉందా? అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా? ఇంట్లో అందరూ సరేనన్నారా? పిల్లికి జ్వరమొస్తే మనం వేసుకునే పారాసెటమాల్ వేయకూడదని, ఒక్క బిళ్ల కూడా ప్రాణం తీస్తుందని చెప్పండి. విని గుర్తుపెట్టుకునే మనిషైతే మిగతావి నేర్చుకుంటారు. కుదరకపోతే రోడ్డు మీద వదలకుండా మీకే తిరిగి ఇవ్వాలని మాట తీసుకోండి. ఆపరేషన్, టీకాలు అయ్యాకే ఇవ్వండి.

బాబుకు ముందే చెప్పండి, బడి నుంచి వచ్చేసరికి పిల్లలు మాయమైపోకూడదు. కొత్త ఇంటిని చూడటానికి వాడినీ తీసుకెళ్లండి. పిల్లులు వెళ్లిపోతే రామచిలుక కొనిపెట్టమని అడుగుతున్నాడని రాశారు. వద్దు. రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, బజారులో అమ్ముతున్నా సరే. బాల్కనీ వల బయట గింజలు పెడితే అవే వచ్చి తిని పోతాయని చూపించండి.

సెల్లార్‌లో మళ్లీ కూనలు కనిపిస్తాయి. ఆ తల్లి పిల్లి తిరిగి వస్తే దానికి ఆపరేషన్ చేయించడం వల్ల మీ ఇంట్లో ఇంకో మూడింటిని ఉంచుకున్నదానికన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. ఏదైనా కూనను పైకి తేవాల్సి వస్తే రెండు వారాలు విడిగా ఉంచండి. పిల్లుల్లో పార్వో లాంటి వైరస్ ఒకటుంది, వీధి కూనతో వచ్చి టీకా లేని కూనల్ని రోజుల్లో చంపేస్తుంది, ఇంట్లో నెలల తరబడి బతికి ఉంటుంది.

ముందు గుండు, తర్వాత అత్తగారి డాక్టరు, తర్వాత మీవారితో ఆ సంక్రాంతి మాట. ఈ మూడూ అయ్యాక సంఖ్య మీకే తెలుస్తుంది, అప్పుడు నాకు రాయండి. ఈ సాయంత్రం మాత్రం కూనల్ని బాబుకు అప్పజెప్పి, బుజ్జమ్మను మీరే కిందికి తీసుకెళ్లండి. లిఫ్ట్‌లోనే తీసుకెళ్లండి, మెట్లు వద్దు.